నిమ్మకాయ చంద్రుడు, నా తలకాయ భూమి

నా పై పెదవి మీద, ముక్కు కిందినుంచి నోటిదాకా ఒక గీత ఉంది. మీసం పెంచినప్పటినుంచి అది ఎవరికీ సరిగ్గా కనపడదు. సరిగ్గా కనపడనిదాని గురించి కథలు చెప్పడం తేలిక. పెళ్లినాడు బావమరుదులకు, వలలో పడ్డ సొరచేప తోక తగిలి చీలిందని చెప్పాను. ఆఫీసులో పక్క సీటాయనకు, పడవ కాలువ గట్టు మీద దొంగలు అడ్డగిస్తే నేనొక్కణ్ణే ఎదురు తిరిగానని చెప్పాను. మనవరాలికి చిరుతపులి కథ చెప్పబోయాను గానీ సాగలేదు. "మన కోట ఊరి పక్క చిరుతపులులు యాడుండాయి తాతా? సముద్రంలోనుంచి వచ్చినాయా?" అంది. సైన్సు చదివే పిల్ల. అలాంటి వాళ్ల దగ్గర బతకడం కష్టం.

సొరచేప లేదు, దొంగలు లేరు. పుట్టడమే అలా పుట్టాను. గ్రహణం మొర్రి అంటారు మావైపు. పదేళ్లు దాటాక మద్రాసు తీసుకెళ్లి కుట్టించారు. అంతదాకా నా పై పెదవి రెండు తలుపుల గుమ్మం. ఆ గుమ్మంలోనుంచి ఒక పన్ను వీధిలోకి చూస్తూ ఉండేది. నా ఈడు పిల్లలు నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. "మొర్రోడా" అంటే పలికేవాణ్ణి. పలకకపోతే రాయి వచ్చేది.

ఆ పెదవి ఎలా చీలిందో ఊరందరికీ తెలుసు. మా అవ్వ, అంటే నాయన తల్లి, చెప్పింది కాబట్టి తెలుసు.

అమ్మ నన్ను నాలుగో నెల కడుపుతో మోస్తుండగా సూర్యగ్రహణం పట్టిందట. గ్రహణం పూట కడుపుతో ఉన్న మనిషి చీకటి గదిలో వెల్లకిలా పడుకోవాలి. కొయ్యకూడదు, గిల్లకూడదు, గోక్కోకూడదు. తల్లి ఏది కోస్తే బిడ్డకు అక్కడ కోత పడుతుంది. అలాంటిది అమ్మ అందరి కళ్లూ కప్పి లేచి, కత్తిపీట ముందు కూర్చుని, పచ్చి మామిడికాయ కోసుకుని ఉప్పద్దుకుని తిన్నదట. అవ్వ ఈ కథ ఊరికే చెప్పేది కాదు. గొంతుక్కూర్చుని, లేని కత్తిపీట మీద పాదం వేసి, దొంగచూపు చూసి, కాయను "సర్రు"మని కోసి, నాలుక చప్పరించేది. వింటున్న ఆడవాళ్లకు నోట్లో నీళ్లూరేవి. నా మూతి వైపు చూసి ఆ నీళ్లు మింగేసేవాళ్లు.

అమ్మ అవుననేది కాదు, కాదనేది కాదు. సీమంతాలకు ఆమెను పిలిచేవాళ్లు కాదు. కడుపుతో ఉన్నవాళ్లకు దారిలో నేను ఎదురైతే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేవాళ్లు. నాయన పొలంలో ఎలా ఉండేవాడో ఇంట్లోనూ అలాగే ఉండేవాడు, నడుం వంచుకుని, నోరు మూసుకుని.

నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా అమ్మకు మళ్లీ నెల తప్పింది. ఆ ఏడు పంచాంగంలో సూర్యగ్రహణం ఉంది. ఆ సంగతి చదివించుకున్న పూటే అవ్వ పాత చీర అంచు ఒకటి చింపి, ఉతికి ఆరేసి, చుట్ట చుట్టి దేవుడి గూట్లో పెట్టింది.

"ఈ తడవ నీ చేతులు మంచం కోళ్లకు కట్టేస్తా. ఒక మొర్రోడు చాలు ఈ కొంపకు," అంది.

దానికి ఎదురు చెప్పింది మా చిన్నాయన. నాయనకు ఆఖరి తమ్ముడు, నెల్లూరులో కాలేజీ చదువు. "వదిన చేతులు ఎవురు కడతారో చూస్తా. సైన్సు చదివినోడు ఉండే ఇంట్లో ఇట్టాంటివి సాగవు," అన్నాడు.

చిన్నాయన గొప్ప శాస్త్రజ్ఞుడని నేను చాలాచోట్ల చెప్పాను. పరీక్ష తప్పి ఇంటికొచ్చి కూర్చున్నాడు. అందులో తప్పింది సైన్సే. అవ్వ ఆ మాట రోజుకొకసారి ఆయన కంచం ముందు వడ్డించేది. ఆయనకు అమ్మ మీద జాలి ఎంత ఉందో, తన తల్లి నోరు ఒక్కసారైనా మూయించాలన్న కసి అంతకు రెండింతలు ఉంది. ఆ కసిలోనుంచి మా చదువు మొదలైంది.

"ముసిలోళ్ల బుర్రలు ఉడికించిన వడ్లు, వాటికి మొలక రాదు. మిమ్మల్ని తయారుచేస్తా," అని నన్నూ, పెదనాయన పిల్లలిద్దరినీ వడ్ల కొట్లోకి తోలాడు. పెదనాయన కూతురు నాకంటే పెద్దది, కొడుకు నా ఈడువాడు. మా ఇంట్లో ప్రయోగశాల ఉండేదని నేను గొప్పలు పోయేవాణ్ణి. ఉన్నది వడ్ల కొట్టు. తలుపేస్తే పట్టపగలే చీకటి. లోపల ఒక లాంతరు, చీపురుపుల్లకు గుచ్చిన నిమ్మకాయ, నా తల.

లాంతరు సూర్యుడు. నిమ్మకాయ చంద్రుడు. భూమికి కొబ్బరికాయ వాడదామనుకున్నాడు గానీ అవ్వ ఇవ్వనంది. "దాని బదులు ఈడి తలకాయ చాలు, లోపల అంతకంటే ఎక్కువ ఏం లేదు," అని నన్ను మధ్యలో నిలబెట్టాడు.

"నువ్వు ఎవురివిరా?"

చెప్పాలి. భూమి అనాలంటే రెండు పెదవులూ కలవాలి. నావి కలవవు. గాలి పైనుంచి పోయి, ముక్కులోనుంచి ఏదో మాట వచ్చింది.

"తన పేరు తాను చెప్పుకోలేని గోళం ఇదొక్కటే," అన్నాడు చిన్నాయన. పిల్లలిద్దరూ వడ్ల బస్తాల మీద పడి నవ్వారు. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. మొట్టికాయ పడింది.

"భూమి మీద ఇట్టా పడేదాన్ని ఏమంటారు?"

"ఉల్కలు!" అని పెదనాయన కొడుకు అరిచాడు. వాడికి బెల్లం ముక్క దొరికింది.

భూమి తనచుట్టూ తాను తిరగాలి, లాంతరు చుట్టూ తిరగాలి, ఏడవకూడదు. అన్నీ చేశాను, ఆఖరిది తప్ప. నా తల నేర్చుకున్నంత ఖగోళశాస్త్రం నేను నేర్చుకోలేదు. కానీ ఒకటి చెప్పాలి. నిమ్మకాయను లాంతరుకూ నా ముఖానికీ మధ్య పెట్టి, మెల్లగా జరిపి, దాని నీడను సరిగ్గా నా పెదవి మీద నిలబెట్టిన క్షణంలో పిల్లల నవ్వు ఆగిపోయింది. నల్లటి గుండ్రటి మచ్చ. దాని చుట్టూ వెలుతురు.

"ఇదే గ్రహణం. ఇంతే," అన్నాడు చిన్నాయన. పెన్సిలు మొనతో నా పెదవి తలుపొకటి పైకెత్తి వాళ్లకు చూపించాడు, బజారులో పశువు పళ్లు చూపించినట్టు. "నీడ పడింది గదా. కొత్తగా ఏమన్నా తెగిందా? నెత్తురొచ్చిందా?"

"రాలా," అన్నారు పిల్లలు, కొంచెం నిరాశగా.

తలుపు సందులో వెలుతురు పడింది. మజ్జిగ చెంబుతో అమ్మ. ఎంతసేపటినుంచి చూస్తోందో తెలియదు.

"ఆ నీడ మీద పడితే ఏం కాదా అబ్బయ్యా?"

"ఏం కాదు వదినా. నీడకు పళ్లుంటాయా?"

"అయితే ఆ పొద్దు కోసినా కోయకపోయినా ఒకటేనా?"

"ఒకటే."

అమ్మ గడప మీద కూర్చుంది. చెంబు పక్కన పెట్టింది. మా అమ్మ చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. "ఇంకోసారి చూపీ," అంది. చిన్నాయన ఇంకోసారి చూపించాడు. నేను ఇంకోసారి భూమినయ్యాను. ఈసారి ఏడవలేదు.

ఇక మిగిలింది రోకలి. తెలియనివాళ్లకు చెబుతాను. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి అందులో రోకలి నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ అది నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది, తక్కిన రోజుల్లో నిలబడదు అని నమ్మకం. మా వీధి మొత్తానికి ఆ రోకలి మా అవ్వది. "పడింది" అని ఆమె కేకేస్తే గానీ ఎవరూ తలమీద నీళ్లు పోసుకునేవాళ్లు కాదు, పొయ్యి వెలిగించేవాళ్లు కాదు. అమ్మ చేతులు కట్టాలన్నా విప్పాలన్నా ఆ రోకలి మాటే చెల్లుతుంది. అందుకని, గ్రహణానికి ముందే, ఏ గ్రహణమూ లేని పూట దాన్ని నిలబెట్టి చూపాలని చిన్నాయన ఎత్తు.

ఆ రోజు మా వాకిట్లో ఊరంతా మూగిందని, కోవూరు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారని నేను చెప్పుకునేవాణ్ణి. వచ్చింది ముగ్గురు ఆడవాళ్లు, మజ్జిగ కోసం. ఒక మేక కూడా ఉంది.

పళ్లెంలో నీళ్లు పోసి చిన్నాయన నన్ను పిలిచాడు. నా చేత్తో నిలబెట్టిస్తేనే అవ్వకు ఎక్కువ తగులుతుందని ఆయన లెక్క. రోకలి నాకంటే పొడుగు. మూడు నాలుగుసార్లు ఒరిగింది, ఒకసారి నా కాలి మీద పడింది. తరువాత నిలబడింది. చేతులు తీశాను. నిలబడే ఉంది.

"దంచి దంచి అడుగు చదునైపోయింది. పైన ఎండ మండుతుంది. యాడుంది గ్రహణం?" అన్నాడు చిన్నాయన.

ముగ్గురిలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏం అత్తా, ఇన్నాళ్లూ మా చేత చన్నీళ్లు పోయించినావే!"

"ఇంక మా ఇంటి రోకల్ని కూడా అడుగుతాం, అదేం చెబుతుందో," అని ఇంకొకామె.

అవ్వ లేచి వచ్చి, రోకలి చుట్టూ ఒకసారి తిరిగి, కాలి బొటనవేలితో తోసింది. అది పళ్లెం మీద పడి నీళ్లు మా అందరి మీదా చిమ్మాయి.

"సరే. నీడ కాదు. రోకలి కాదు. మామిడికాయ కాదు. చదువుకున్నోడివి గదా, నువ్వే చెప్పు. మరి ఈడి మూతి ఎట్టా చీలింది?"

తెలియదు అనొచ్చు. అది కూడా సైన్సు మాటేనని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. కానీ ఆడవాళ్లు ముగ్గురూ ఆయన నోటివైపే చూస్తున్నారు. గెలిచినవాడు తెలియదని ఎలా అంటాడు?

"రక్తంలోనుంచి వస్తాది. వంశంలోనుంచి. మొలగొలుకుల వడ్లు చల్లితే మొలగొలుకులే గదా వచ్చేది," అన్నాడు.

అవ్వ ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూసినట్టు ఆగింది.

"అట్టనా. మా వంశంలో మొర్రి ఉండేదా? మీ తాతకు ఉండేదా, మీ నాయనకు ఉండేదా? విత్తనం మాదే, మంచి విత్తనం." అమ్మ వైపు తిరిగింది. "నారుమడే చెడ్డది. నేను పిచ్చిదాన్ని. ఇన్నాళ్లూ ఒక్క మామిడికాయ తప్పే గదా, ఇంకోసారి జాగర్తగా ఉంటే పోతాది అనుకోనుంటి. రక్తమంట!"

"అట్టా కాదుమా," అని చిన్నాయన మొదలుపెట్టాడు.

అమ్మ అడ్డం వచ్చింది. ఆమె అందరి ముందూ గొంతు విప్పడం అదే మొదలు. "అయితే ఈ కడుపులోదానికి కూడా వస్తాదా అబ్బయ్యా?"

"రావచ్చు వదినా. రాకపోవచ్చు."

"రాకుండా ఏం చెయ్యాల?"

చిన్నాయన పడిపోయిన రోకలి వైపు చూశాడు. "చేసేదానికి ఏం లేదు."

అవ్వ లోపలికి వెళ్లి, గూట్లోని చీర అంచు చుట్టను తెచ్చి పేడకుప్ప మీదికి విసిరేసింది. "ఇంక కట్టేదెందుకు? రక్తాన్ని కట్టే తాడు యాడ దొరకతాది? నీ సైన్సే గెల్చింది నాయనా, పో, బువ్వ తిను."

అలా సైన్సు గెలిచింది. చిన్నాయన ఆ పూట బువ్వ తినలేదు.

అమ్మ ఆ చుట్టను తీసి ఉతికి దాచుకుందని గ్రహణం రోజునే తెలిసింది.

ఆ రోజు పొద్దున్నే చిన్నాయన గాజుపెంకులకు లాంతరు మసి పట్టించి మా ముగ్గురికీ ఇచ్చాడు. వాకిట్లో వరసగా నిలబెట్టి, ఎలా చూడాలో చెబుతున్నాడు. సూర్యుడి అంచు మీద చిన్న కొరుకు కనపడిందో లేదో, లోపల మాటలు వినపడ్డాయి. నేను వెళ్లి గడప దగ్గర నిలబడ్డాను.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చీర అంచు చుట్ట అవ్వ ముందు చాచింది.

"కట్టు అత్తా."

"దేనికే? నీడకు పళ్లుండవంట గదా."

"కట్టు."

"నాకేం పని? మీది రక్తం. నేను కడితే నిలస్తాదా?"

"నీ కాళ్లకు మొక్కతా. పట్టింది, బయట అంటా ఉండారు. కట్టు."

అవ్వ తొందరపడలేదు. పళ్లెంలో రోకలి నిలబెట్టింది, సరిచూసుకుంది. "అయితే ఆ పొద్దు మామిడికాయ కోసినానని ఒప్పుకో. కడతా."

అమ్మ నా వైపు చూసింది. నా ముఖంలో ఆమె చూసింది నన్ను కాదు, కడుపులోని బిడ్డను. అది నాకు తెలుసు.

"కోసినాను," అంది.

"గట్టిగా. వాకిట్లో ఉండేవాళ్లకు వినపడాల."

"కోసినాను అత్తా! కోసుకోని తిన్నాను!"

వాకిట్లో చిన్నాయన గొంతు ఒక్కసారి ఆగింది. తరువాత మళ్లీ, "చంద్రుడు పడమటినుంచి వచ్చి సూర్యుణ్ణి..." అని కొనసాగింది. ఆయన లోపలికి రాలేదు. సూర్యుడి వైపే చూస్తూ ఉన్నాడు.

నేను లోపలికి దూకి ఆ ముడులు విప్పేశానని మా ఆవిడకు పెళ్లయిన కొత్తలో చెప్పాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. విప్పలేదు. ముడి బిగిసేటప్పుడు జారకుండా వేలు పెట్టి పట్టుకోరా అని అవ్వ అంటే, పట్టుకున్నాను. చక్కగా బిగిసింది.

అవ్వ రోకలి దగ్గరికి పోయాక అమ్మ దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. ఉక్కగా ఉంది. ఒక ఈగ వచ్చి ఆమె పై పెదవి మీద వాలింది. ఊదింది, పోలేదు. తల విదిలించడానికి భయం, కదలకూడదు కదా. ఆ ఈగ సరిగ్గా నాకు చీలిక ఉన్నచోటే నడుస్తోంది. అమ్మ కళ్లు దానివైపు దిగి ఒకదగ్గరికి వచ్చాయి. నేను తోలాను. మళ్లీ వాలింది, మళ్లీ తోలాను.

"ఇంకా ఎంతసేపురా?"

"చంద్రుడు పోవాల గదమ్మా," అన్నాను. చదువుకున్నవాణ్ణి.

చివరికి అవ్వ "పడింది" అని కేకేసింది. వీధి వీధంతా బావుల దగ్గరికి కదిలింది. నేను చూశాను. రోకలి ఇంకా నిలబడే ఉంది. అవ్వ నన్ను చూసి, నన్ను చూస్తూనే, బొటనవేలితో తోసింది.

మాఘం పోయాక చెల్లెలు పుట్టింది. మంత్రసాని బిడ్డను బయటికి తేగానే అవ్వ కాళ్లు చూడలేదు, చేతులు చూడలేదు. చూపుడువేలితో పై పెదవి మీద ఈ చివరనుంచి ఆ చివరకు తడిమింది. చీలిక లేదు.

"చూసినారా! చేతులు కడితే నిలిచింది. ఈ తడవ కోయలేదు కాబట్టి చీలలేదు. అంటే ఆ తడవ కోసింది కాబట్టే చీలింది." మామిడికాయ కథకు అంతకుముందు లేని ముక్తాయింపు దొరికింది. ముద్దాయి ఒప్పుకోలు కూడా ఉంది. "దాని నోటితోనే చెప్పింది, కావాలంటే మా చిన్నకొడుకును అడగండి, విన్నాడు," అనేది. చిన్నాయన ఒకసారి, "ఒక్క బిడ్డను చూసి తేల్చకూడదుమా," అన్నాడు. "అయితే నువ్వు పెండ్లి చేసుకోని పదిమందిని కనిపించు, తేల్చుకుందాం," అంది అవ్వ. ఆయన నెల్లూరు వెళ్లి, సైన్సు మానేసి, బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. మాకు మళ్లీ ఏమీ నేర్పలేదు.

నేర్పింది మాత్రం నా తలలో ఉండిపోయింది. దేన్నయినా లెక్క చూసుకోమనేవాడు ఆయన. ఆ ఎండాకాలం ఊరగాయకు కాయలు దింపుతుంటే చెట్టు కింద నిలబడి ఉన్నాను. పిందె ఎప్పుడు పడుతుంది, పూత ఎప్పుడు వస్తుంది అని ఊరికే వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాను. మాఘంలో గదా పూత. నేను పుట్టింది రోహిణి ఎండల్లో. ఆ ఎండలకు మంత్రసాని సొమ్మసిల్లిందని అవ్వే చెబుతుంది. గ్రహణం అమ్మకు నాలుగో నెలలో. అది కూడా అవ్వ మాటే. రోహిణి నుంచి వేళ్ల మీద అయిదారు నెలలు వెనక్కి వచ్చాను. మార్గశిరం. మార్గశిరంలో మా జిల్లాలో ఏ చెట్టుకూ మామిడికాయ ఉండదు. పూత కూడా ఉండదు.

అవ్వ కథను ఏటికేడు పెంచుకుంటూ వచ్చింది. మొదట్లో "ఏదో కోసింది" అని ఉండి ఉంటుంది. వినేవాళ్ల నోట్లో నీళ్లూరాలని కాయ తెచ్చి పెట్టింది. నా పెదవి ఎవరి రక్తమో ఈనాటికీ ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు గానీ, ఈ నోరు మాత్రం అచ్చంగా మా అవ్వది.

ఆ సంగతి పెద్దల ముందు నిలబడి బయటపెట్టాననీ, అవ్వ తల దించుకుందనీ చెప్పేది, నేను చెప్పే కథలన్నిటిలోకీ నాకు ఇష్టమైన కథ. నిజానికి వంటింటి వెనక, అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతుంటే, పక్కన కూర్చుని ఆమె ఒక్కదానికే చెప్పాను. వేళ్లు మడిచి మరీ చూపించాను.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. అమ్మ ముందు వెనక్కి చూసింది, అవ్వ ఎక్కడుందోనని. తరువాత ఉయ్యాల వైపు చూసింది.

"ఎవురికన్నా చెప్పినావా?"

"చెప్పలా."

"చెప్పబాక."

"ఎందుకమ్మా? నువ్వు కోయలా గదా? కాయే లేదు గదా?"

"కోయలా. వెల్లకిలా పడుకోనుంటి, కట్టె మాదిరి. ఏలు కూడా కదపలా." కాయను తీసుకుని రెండుగా కోసింది, జీడి తీసి పారేసింది. "మామిడికాయ లేదని తేలితే ఇంక మిగిలేది ఏందిరా? మీ చిన్నాయన చెప్పిన రక్తమే. దానికి రేపు పెండ్లి కావాల." గడ్డంతో ఉయ్యాల చూపించింది. "మొర్రి రక్తమని తెలిస్తే ఎవురు చేసుకుంటారు? కాయే ఉండనీ. కాయయితే నా ఒక్కదానితో పోతాది."

నేను నోరు తెరిచి ఏదో అనబోయాను. పచ్చి ముక్క ఒకటి ఉప్పులో అద్ది నా నోట్లో పెట్టి మూసేసింది, అంటే మూయగలిగినంత. పులుపుకు చీలిక మండిపోయింది. రసం ఆ సందులోనుంచి గడ్డం మీదికి కారింది.

ఆ ముక్క ఉమ్మేశానని రాద్దామనుకున్నాను. బాగుండేది. లేదు, తిన్నాను. ఇంకో ముక్క కూడా అడిగాను. పెట్టింది.